వంద ఓటములు దాటిన జట్టు కోసం ఇంకా ఎదురుచూడాలా? వైట్ సాక్స్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో చికాగో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు గురించి, ఓడుతున్నా ఎదుగుతోందని, ఆశగా నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ పేజీకి ఎప్పుడూ రాలేదు. సగం మంది నన్ను తిట్టారు, మిగతా సగం జట్టును తిట్టారు. అందరికీ ఇక్కడ చోటు సరిపోదు కాబట్టి ఎక్కువ మంది అడిగినవే తీసుకున్నాను.

ప్రశ్న: 2024లో 121 ఓటములు, 2025లో 102 ఓటములు. దీన్ని ఎదుగుదల అంటున్నారు మీరు. మనసుకు సర్దిచెప్పుకోవడం తప్ప ఇందులో ఏముందండీ?

గెలుపుల లెక్కే చూస్తే 41 నుంచి 60కి వచ్చారు, అంటే 19 ఎక్కువ. అయినా 102 ఓటములంటే 102 ఓటములే, పైగా 2023తో కలిపి వరసగా మూడేళ్లు వంద దాటాయి. కాబట్టి గెలుపుల సంఖ్య చూపించి మిమ్మల్ని ఒప్పించను.

నేను చూసింది వేరు. 2024 సెప్టెంబర్ 24 రాత్రి నేను స్టేడియంలోనే ఉన్నాను. అప్పటికి 120 ఓటములు. 1962లో న్యూయార్క్ మెట్స్ మూటగట్టుకున్న ఆధునిక యుగం రికార్డు కూడా అంతే, ఇంకొక్కటి ఓడితే ఆ చెత్త రికార్డు మనదే. ఏంజెల్స్ జట్టు మీద ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా 2-0తో వెనకబడి ఉన్నాం. జట్టును అమ్మేయండి అని ఓనర్ మీద నినాదాలు. నా పక్క సీట్లో ఒక పెద్దాయన, మోకాళ్ల మీద స్కోరు పుస్తకం, చేతిలో పెన్సిల్, మొదటి నుంచీ ఒక్క బంతి వదలకుండా రాసుకుంటున్నాడు. ఆ ఇన్నింగ్స్‌లో మూడు పరుగులొచ్చి 3-2తో గెలిచాం. ఆయన లేవలేదు, అరవలేదు, ఆ గడి నింపి పుస్తకం మూశాడు, కళ్లు తుడుచుకున్నాడు. మూడు రోజుల తర్వాత డెట్రాయిట్‌లో 121వది ఓడనే ఓడాం అనుకోండి. కానీ ఆ రాత్రి ఇంటికొస్తూ నేను ఆలోచించింది ఒకటే, ఈయన వచ్చే ఏడాది ఎవరి పేరు కోసం ఈ పుస్తకం తెరవాలి అని. ఆ జట్టులో జవాబు లేదు, ఎక్కువ మంది అప్పటికి గడిస్తే చాలు అని తెచ్చుకున్నవాళ్లే.

2025 రెండో సగంలో జవాబు దొరికింది. కైల్ టీల్, ఎడ్గర్ కెరో, కోల్సన్ మాంట్‌గోమరీ, చేజ్ మైడ్రోత్, నలుగురూ ఆ ఏడాదే మేజర్ లీగ్‌కి, అంటే అన్నిటికంటే పై స్థాయికి, వచ్చిన కుర్రాళ్లు. ఓడిన రోజు కూడా వీళ్ల బ్యాటింగ్ వచ్చేదాకా టీవీ కట్టేయబుద్ధి కాలేదు. నేను ఎదుగుదల అన్నది దాన్నే.

ప్రశ్న: 2016లోనూ ఇదే పాట పాడారు. స్టార్లను అమ్మేశారు, కుర్రాళ్లను తెచ్చారు, చివరికి ఏమైంది? రెండోసారి కూడా నమ్మమంటారా?

ఇది నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న, కాస్త పొడుగ్గా చెబుతాను.

2016 డిసెంబర్‌లో క్రిస్ సేల్‌ను బోస్టన్‌కి ఇచ్చి యోవాన్ మొంకాడా, మైకేల్ కోపెక్‌లను తెచ్చుకున్నాం. ఆడమ్ ఈటన్‌ను వాషింగ్టన్‌కి ఇచ్చి లూకస్ జియోలిటో, రేనాల్డో లోపెజ్‌లను. మరుసటి జూలైలో హోసే కింటానాను మన ఊళ్లోనే ఉన్న ఇంకో జట్టు కబ్స్‌కి ఇస్తే ఎలోయ్ హిమేనెజ్, డిలన్ సీజ్ వచ్చారు. పేరుపేరునా చూస్తే ఒక్కటీ చెడ్డ బేరం కాదు. 2020లో ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే ఆటలు), 2021లో 93 గెలుపులతో డివిజన్ టైటిల్. అంతా పండిపోయింది అనుకున్నాం. 2021లో హ్యూస్టన్ 3-1తో ఇంటికి పంపింది, 2022లో సరిగ్గా 81-81, 2023లో 101 ఓటములు. ఆ ఆగస్టులో జట్టు నడిపే ఇద్దరు పెద్దల ఉద్యోగాలూ పోయాయి, క్రిస్ గెట్జ్ జనరల్ మేనేజర్ అయ్యాడు.

ఎందుకు కూలింది అంటే గాయాలు అంటారు. నిజమే, 2021లోనే హిమేనెజ్‌కి ఛాతీ కండరం దగ్గర తెగింది, లూయిస్ రాబర్ట్‌కి తుంటి దగ్గర, నిక్ మాడ్రిగల్‌కి తొడ వెనక. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు వరసగా. అయితే గాయాలు ప్రతి జట్టుకీ అవుతాయి. మన దగ్గర లేనిది వాళ్ల వెనక నిలబడే రెండో వరస. పైన మెరిసే ఆరేడు పేర్లు, కింద ఖాళీ. మైనర్ లీగ్‌లో, అంటే కింది స్థాయి జట్లలో, నేర్పించి కొత్తవాణ్ని పైకి పంపే పద్ధతి సరిగ్గా నడవలేదు, ఆ ఖాళీని డబ్బు పెట్టి పూడ్చనూ లేదు. 2025 దాకా ఈ ఫ్రాంచైజీ చరిత్రలో అతి పెద్ద ఒప్పందం ఆండ్రూ బెనిన్‌టెండీకి ఇచ్చిన 5 ఏళ్ల 7.5 కోట్ల డాలర్లు. 2019లో స్టార్ బ్యాటర్ మానీ మచాడో మనకు దొరుకుతాడని ఎదురుచూస్తుంటే అతను 30 కోట్లకు శాన్ డియేగో వెళ్లిపోయాడు.

మరి ఇప్పుడు తేడా ఏమిటి? నాకు కనిపించే తేడా ఒక్క మనిషి కథలో ఉంది. కోల్సన్ మాంట్‌గోమరీని 2021 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, మొదటి రౌండ్‌లో 22వ పిక్‌గా తీసుకున్నారు. 2024లో మేజర్స్‌కి ఒక్క మెట్టు కింద ఉన్న షార్లెట్‌లో అతని బ్యాటింగ్ సగటు .214 మాత్రమే. 2025 ఏప్రిల్‌లో అదే షార్లెట్‌లో .150 దగ్గర కొట్టుకుంటున్నాడు, బ్యాటింగ్‌కి వచ్చినప్పుడల్లా స్ట్రైకౌట్, బంతి కొట్టలేక వెనక్కి. పాత రోజులైతే ఏం చేసేవాళ్లో నాకు తెలుసు, అలాగే ఆడిస్తూ పోయేవాళ్లు, కుర్రాడు ఇంకా కుంగిపోయేవాడు. ఈసారి ఆటలు ఆపించి అరిజోనాలోని శిక్షణ కేంద్రానికి పంపారు. స్కోరు లేదు, జనం లేరు, కోచ్ ఎదురుగా బ్యాటు పట్టుకుని స్వింగ్ ఒక్కటే పని. మళ్లీ షార్లెట్, అక్కణ్నుంచి జూలై 4న డెన్వర్‌లో మేజర్ లీగ్ అరంగేట్రం. సీజన్ అయ్యేసరికి 71 ఆటల్లో 21 హోమ్ రన్లు, మన క్రికెట్ సిక్సర్ లాంటివి.

ఒక్కడితో జట్టు అవదు, ఒప్పుకుంటాను. సగటు .239 మాత్రమే, ఇప్పుడు పిచర్లంతా (బంతి విసిరేవాళ్లు) అతని బలహీనతలు చదువుకుని వస్తారు. కానీ పడిపోయిన కుర్రాణ్ని లేపి నిలబెట్టడం ఈ జట్టు చేయగలదని నేను చూడటం చాలా ఏళ్ల తర్వాత ఇదే మొదటిసారి. రెండోసారి నమ్మడానికి నా కారణం ఇంతే, దీనికి మించి ఉందని చెబితే అబద్ధమవుతుంది.

ప్రశ్న: పిచర్ గారెట్ క్రోషేను ఇచ్చేయడం తప్పు కాదా? బోస్టన్‌లో చెలరేగిపోయాడు కదా.

చెలరేగాడు, 2025లో 18 గెలుపులు, 255 స్ట్రైకౌట్లు. చూస్తుంటే కడుపు మండింది. కానీ అతను మనతో ఉన్నా ఆ ఏడాది మనం ప్లేఆఫ్స్‌కి వెళ్లేవాళ్లం కాదు, 2026 తర్వాత ఫ్రీ ఏజెంట్ అయి, అంటే ఏ జట్టుకైనా వెళ్లే స్వేచ్ఛ వచ్చి, వెళ్లిపోయేవాడు. బోస్టన్ 6 ఏళ్లకు 17 కోట్ల డాలర్లు ఇచ్చి కట్టేసుకుంది, మన ఓనర్ పిచర్‌కి అంత ఇస్తాడని మీరు నమ్ముతారా? బదులుగా నలుగురొచ్చారు. అందులో టీల్, మైడ్రోత్ వచ్చిన ఏడాదే మేజర్స్‌లో కుదురుకున్నారు. టీల్ క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునేవాడు), ఎడమచేతి బ్యాటర్, చెడ్డ బంతిని ఓపిగ్గా వదిలేసి బేస్ మీదికి వెళ్లడం తెలిసినవాడు, అలాంటి క్యాచర్ దొరకడం చాలా కష్టం. బ్రేడన్ మాంట్‌గోమరీ 2025లో ఇంకా మైనర్ లీగ్‌లోనే ఎదుగుతూ ఉన్నాడు. నా మటుకు నాకు ఇది మంచి బేరం.

ప్రశ్న: వచ్చిన ప్రతి పిచర్‌కీ మోచేయి ఆపరేషనే. మనకే ఎందుకిలా?

మనకే కాదు, కాకపోతే మనకు తగిలినప్పుడు మూలిగే నక్క మీద తాటిపండు పడినట్టు ఉంటుంది. 2025 వసంతంలో డ్రూ థోర్ప్, కై బుష్, ప్రెలాండర్ బెరోవా, ముగ్గురికీ టామీ జాన్ ఆపరేషన్. మోచేతి లోపలి వైపు ఉండే లిగమెంట్ తెగితే శరీరంలో ఇంకోచోట నుంచి స్నాయువు తీసి అక్కడ కుడతారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి ఈ ఆపరేషన్ చేసింది టామీ జాన్ అనే పిచర్‌కే, ఆ పేరే నిలిచిపోయింది. తిరిగి పిచ్ చేయడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది, తొందరపెడితే మొదటికే మోసం.

థోర్ప్ విషయమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. 2024 మార్చిలో డిలన్ సీజ్‌ను శాన్ డియేగోకి ఇచ్చినప్పుడు మనకొచ్చిన వాళ్లలో ముఖ్యుడు ఇతనే. ఆ జూలైలోనే సీజ్ అక్కడ నో-హిట్టర్ వేశాడు, ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా తొమ్మిది ఇన్నింగ్స్. మనవాడు మాత్రం మరుసటి ఏడాది మొత్తం ఒక్క బంతి వేయలేదు. మన కుర్ర పిచర్, పొడుగాటి నోవా షుల్ట్జ్ కూడా 2025లో మోకాలు నొప్పితో ఆగాడు. అందుకే ఎవరైనా 2028 పిచింగ్ వరుస ఇదీ అని కాగితం మీద రాసి పంపితే నాకు భయమేస్తుంది, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది. అయిదుగురు కావాలంటే పది, పన్నెండు మందిని పెంచాలి, వేరే దారి లేదు.

ఇంత దిగుల్లోనూ షేన్ స్మిత్ పేరు తలచుకోకపోతే పాపం. మైనర్ లీగ్‌లో తగినన్నేళ్లు గడిచినా సొంత జట్టు 40 మంది జాబితాలో చోటివ్వని ఆటగాణ్ని వేరే జట్టు లక్ష డాలర్లకు తీసుకోవచ్చు, కానీ ఏడాదంతా మేజర్ జట్టులోనే ఉంచాలి, లేదంటే వెనక్కి ఇవ్వజూపాలి. దాన్నే రూల్ 5 డ్రాఫ్ట్ అంటారు. 2024లో అందరికంటే కింద ఉన్నాం కాబట్టి మొదటి ఛాన్స్ మనదే, మిల్వాకీ నుంచి స్మిత్‌ను తీసుకున్నారు. అంతకు ముందు ఒక్క మేజర్ లీగ్ ఆట ఆడని కుర్రాడు ఆ ఏడాదే ఆల్-స్టార్ అయ్యాడు.

ప్రశ్న: 121 ఆటలు ఓడితే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ రావాలి కదా? 2025లో పదో పిక్ ఎందుకు?

మొదటి పిక్ కోసం కావాలని ఓడిపోకుండా, పైన ఉండే పిక్‌లు ఎవరికన్నది తేల్చడానికి ఇప్పుడు లాటరీ పెట్టారు. పెద్ద మార్కెట్లో ఉండి మిగతా జట్లకు ఆదాయంలో వాటా ఇచ్చే జట్టుకి వరసగా రెండేళ్లు లాటరీ పిక్ రాదు, మనకు 2024లో వచ్చేసింది. అందుకే పదోది, దానితో బిల్లీ కార్ల్‌సన్ అనే హైస్కూల్ షార్ట్‌స్టాప్‌ను (రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) తీసుకున్నారు. 2026కి మాత్రం లాటరీ తగిలి మొదటి పిక్ మనకే వచ్చింది.

ప్రశ్న: హ్యూస్టన్, బాల్టిమోర్ కూడా ఓడి ఓడి పైకొచ్చాయి. మనమూ అంతేనా?

ఆ రెండూ కలిపి చూడండి. హ్యూస్టన్ 2011 నుంచి 2013 దాకా 106, 107, 111 ఆటలు ఓడింది, 2017లో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ గెలుపు మీద ప్రత్యర్థి సైగలు దొంగిలించిన మచ్చ ఉంది, అది వేరే సంగతి. వాళ్ల 2013 మొదటి పిక్ మార్క్ అపెల్ హ్యూస్టన్ తరఫున ఒక్క మేజర్ లీగ్ ఆట ఆడలేదు. బాల్టిమోర్ 2018లో 115, 2021లో 110 ఓడింది, 2023లో 101 గెలిచింది. అప్పుడు అందరూ ఇక పదేళ్లు వాళ్లవే అన్నారు, నేనూ అన్నాను. 2023లోనూ, 2024లోనూ ప్లేఆఫ్స్‌లో ఒక్క ఆట గెలవలేదు, 2025లో 75-87. మంచి పిచర్ల కోసం సమయానికి ఖర్చు పెట్టకపోతే బ్యాటర్లు ఎంతమంది ఉన్నా ఇంతే.

ప్రశ్న: లూయిస్ రాబర్ట్‌ను పంపేశారు. మా అమ్మాయి రెండు రోజులు సరిగ్గా తినలేదు. అవసరమా?

అమ్మాయికి నా తరఫున చెప్పండి, నాకూ కష్టంగానే ఉంది. 2023లో 38 హోమ్ రన్లు కొట్టినవాడు, సెంటర్‌ఫీల్డ్‌లో అతను పరిగెత్తుకెళ్లి బంతి అందుకుంటుంటే ఓటమి మర్చిపోయేవాళ్లం. కానీ గాయాలు వదల్లేదు, 2026 జీతం 2 కోట్ల డాలర్లు, తర్వాత ఉంటాడన్న నమ్మకం లేదు. మెట్స్ నుంచి లూయిసాంహెల్ అకూన్యా, ట్రూమన్ పౌలీ వచ్చారు. ఏడాదిన్నర ముందే ఇచ్చుంటే ఇంకా ఎక్కువ వచ్చేది అన్నదే నా బాధ.

ప్రశ్న: జపాన్ నుంచి బ్యాటర్ మురకామి వచ్చాడు. ఇక రీబిల్డ్, జట్టును కొత్తగా కట్టుకునే పని, అయిపోయినట్టేనా?

లేదండీ. 2022లో అక్కడ 56 హోమ్ రన్లు కొట్టాడు, బలం గురించి సందేహం లేదు. వేగంగా వచ్చే బంతులకు స్ట్రైకౌట్లు ఎక్కువని మిగతా జట్లు వెనకాడబట్టే 2 ఏళ్లకు 3.4 కోట్ల డాలర్లతో మనకు దొరికాడు. కుదిరితే చాలా బాగుంటుంది, కుదరకపోయినా కుర్రాళ్ల దారికి అడ్డు కాదు.

ప్రశ్న: మా వాడికి తొమ్మిదేళ్లు. స్నేహితులంతా కబ్స్ వైపే, సాక్స్ టోపీ పెట్టుకుని వెళ్తే ఏడిపిస్తున్నారని తీసేశాడు. ఏం చెప్పమంటారు?

టోపీ పెట్టుకోమని బలవంతం చేయకండి. ఒక స్కోరు పుస్తకం కొనివ్వండి, ఒక్క ఆటగాణ్ని ఎంచుకోమనండి, వాడికి నచ్చినవాణ్నే. అతను బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతిసారీ ఏమైందో రాయమనండి, జట్టు గెలిచిందా ఓడిందా అన్నది తర్వాత. వీలుంటే ఆట మొదలవడానికి ముందే తీసుకెళ్లి బ్యాటింగ్ ప్రాక్టీస్ చూపించండి, బంతి బ్యాటుకి సరిగ్గా తగిలినప్పుడు వచ్చే చప్పుడు టీవీలో వినపడేది కాదు, అది దగ్గర నుంచి విన్న పిల్లవాడు మళ్లీ తీసుకెళ్లమంటాడు.

నేను 2025 జూలై 4న అలాగే టీవీ ముందు కూర్చుని కోల్సన్ మాంట్‌గోమరీ పేరు మొదటిసారి రాసుకున్నాను, చెయ్యి వణికి స్పెల్లింగ్ తప్పు పడితే కొట్టేసి మళ్లీ రాశాను. మీ వాడు చూస్తానంటే ఆ పేజీ ఫొటో తీసి పంపిస్తాను.