డాక్టరు చదువు కాదని నాన్నకు నువ్వే చెప్పు

చిట్టితల్లికి,

ఇంగ్లండ్‌లో నీకు బయోమెడికల్ సైన్స్ సీటు వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెబుతుంటే కళ్లు చెమర్చాయి. చివర్లో "మన పిల్ల డాక్టరైపోతోందే" అన్నాడు. అది ల్యాబులో పరీక్షలు చేసే చదువు, డాక్టరు చదువు కాదు. అప్పటినుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

వీసాకి కావాల్సిన టీబీ పరీక్ష ముందే చేయించుకో. వీసాకి చూపించే డబ్బు ఖాతాలో 28 రోజులు తగ్గకుండా ఉండాలి. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకు.

ఫీజు కట్టేముందు ఆ కోర్సుకి ఐబీఎంఎస్, అంటే అక్కడి బయోమెడికల్ సైంటిస్టుల సంస్థ, గుర్తింపు ఉందో లేదో నీ కళ్లతో చూడు. యూనివర్సిటీకి పేరుంటే చాలదు. కన్సల్టెన్సీ వాళ్ల మాట మీద కట్టావంటే ఊరుకోను. నేను అలాగే కట్టాను. మూడేళ్లు చదివి ఆసుపత్రి ల్యాబ్‌కి వెళితే, ఆ డిగ్రీతో ఈ వృత్తిని నియంత్రించే హెచ్‌సీపీసీ అనే సంస్థలో రిజిస్ట్రేషన్ రాదన్నారు. అది లేనిదే ఇక్కడ బయోమెడికల్ సైంటిస్టుగా పనిచేయలేం. రెండేళ్లు శాంపిల్ సంచులు విప్పుతూ, ట్యూబుల మీద పేర్లు సరిచూస్తూ, తక్కువైన సబ్జెక్టులు మళ్లీ డబ్బు కట్టి చదివాను. మీ మామయ్య వీసా మీద ఉన్నాను కాబట్టి గడిచింది. నీకు అంత గడువు దొరకదు తల్లీ.

ఆ రెండేళ్లూ తెనాలిలో మీ తాతయ్య నన్ను డాక్టరమ్మ అనే చెప్పుకున్నారు. నేను కాదనలేదు. సెలవుల్లో వచ్చినప్పుడు ఒక పెళ్లిలో పక్కింటి మామ్మ తన రిపోర్టు నా చేతిలో పెట్టి, ఏ మాత్ర వేసుకోవాలమ్మా అని అడిగింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగా ఎక్కువగా ఉంది. అది చూసి గుర్తుపట్టగలను, మందు చెప్పే చదువు మాత్రం నాది కాదు. పక్కనే మా నాన్న, అదే మీ తాతయ్య, వెలిగిపోతూ నిలబడ్డారు. "ఏం కాదులే మామ్మా" అనేశాను.

ఆ రాత్రి కన్ను మూతపడలేదు. తెల్లారకుండానే వాళ్లింటికి వెళ్లి, నేను డాక్టర్ని కాదని చెప్పి, మామ్మని వెంటనే గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. తిరిగొచ్చి మా నాన్నకూ చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మరి నువ్వు చేసే పనేంటమ్మా?" అని అడిగారు. ఐదేళ్లలో అదే మొదటిసారి అడగడం. రక్తం గ్రూపు ఎలా చూస్తామో, ఒక్క ట్యూబు మారితే ఏమవుతుందో చెబుతుంటే కాఫీ చల్లారిపోయేదాకా విన్నారు.

ఆదివారం మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చెయ్యి. ముందు నువ్వు చెప్పు. కోప్పడితే నేను మాట్లాడతాను.

మీ అత్త