ఆర్కెస్ట్రా ఆయన గిటారు

చిరంజీవి అబ్బాయికి,

బాబాయి ఆశీస్సులు. పాలకొల్లు ఆర్కెస్ట్రా ఆయనకి నువ్వు చేయబోయే ఎలక్ట్రిక్ గిటారుకి గీసి పంపిన బొమ్మ చూశాను. బావుంది గానీ దాన్ని కాస్త పక్కన పెట్టు. ముందు ఆయన ప్రోగ్రాం ఉన్న రాత్రి స్టేజీ వెనక కూర్చో. ఎన్ని గంటలు నిలబడుతున్నాడు, బొటనవేలు గిటారు మెడ, అదే నెక్, మీంచి తీసుకొస్తాడా వెనకే ఉంచుతాడా, వాల్యూం తిప్పడానికి చూపు దించుతున్నాడా, ఇవన్నీ కనిపెట్టు. తర్వాత ఆయన పాత గిటారు అడిగి తెచ్చుకుని ఫ్రెట్లు, అదే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు, ఎక్కడెక్కడ అరిగాయో చూడు. నెక్ మందం ఒకటో ఫ్రెట్ దగ్గరా, పన్నెండో దాని దగ్గరా వెర్నియర్ కొలబద్దతో కొలిచి రాసుకో. ఇరవయ్యేళ్లు ఆ చేతికి అలవాటైన మందం అది, దాన్ని మార్చకు.

బరువు నాలుగు కిలోలు దాటనివ్వకు. బరువుంటేనే నాదం అనేవాళ్లుంటారు. వాళ్లెవరూ తెల్లవార్లూ భుజాన మోసినవాళ్లు కారు.

బాడీకి పనస చాలు, బొబ్బిలి వీణలకి వాడేదీ అదే. ఏ కర్రయినా మన గోదారి గాలికి నీరు పీలుస్తుంది. వారానికోసారి కాటా మీద పెట్టి, బరువు ఆ కర్ర మీదే పెన్సిల్‌తో రాయి. వరసగా నాలుగు వారాలు అంకె మారకపోతేనే రంపం పట్టు. నేనోసారి తొందరపడి వానాకాలంలో ఒకాయనకి నెక్ చేసిచ్చాను. రోహిణి కార్తె వచ్చేసరికి కర్ర కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు రెండు పక్కలా పొడుచుకొచ్చాయి. ఆయన మాట్లాడకుండా గీరుకుపోయిన అరచెయ్యి నా ముందు పెట్టాడు. ఆకురాయి పట్టుకుని ఆ పూటంతా అదే పని.

ఫ్రెట్లకి గీతలు గీసేటప్పుడు ప్రతిదీ నట్, అంటే నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ, నుంచే కొలువు. ఒకదాన్నుంచి ఇంకోదానికి కొలుచుకుంటూ పోతే అరమిల్లీ తేడాలన్నీ పోగయి పై స్వరాలు పలకవు. నట్ నుంచి తీగలు ఆనే అవతలి కొస, అదే బ్రిడ్జి, దాకా పొడవు (స్కేల్) 648 మిల్లీమీటర్లయితే పన్నెండో ఫ్రెట్ సరిగ్గా 324 దగ్గర పడాలి. బ్రిడ్జి స్క్రూలు బిగించే ముందు ఈ లెక్క మళ్లీ చూడు.

నెక్ అతికించకు, నాలుగు స్క్రూలతో బిగించు. వ్యాన్‌లో దెబ్బతింటే నెక్ ఒక్కటే మార్చుకోవచ్చు. నెక్ వంపు సరిచేయడానికి లోపల పెట్టే ట్రస్ రాడ్‌ని తిప్పే మర తలవైపు పెడితే ఆయనే అలెన్ కీతో తిప్పుకుంటాడు.

ఇక కరెంటు. జనరేటరు, సీరియల్ లైట్లు ఉన్నచోట ఒకే కాయిల్ ఉన్న పికప్, అంటే తీగ కదలికని కరెంటుగా మార్చేది, తేనెపట్టు కదిపినట్టు రొద పెడుతుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ హంబకర్ అనే రెండు కాయిళ్ల పికప్ చేసింది ఈ రొద పోగొట్టడానికే. రెండు కాయిళ్లలో రొద ఎదురెదురై కొట్టుకుపోతుంది, తీగ శబ్దం మాత్రం కలిసి పెరుగుతుంది. అదే బిగించు, వాల్యూం తిప్పే పాట్లు 500 కిలో ఓమ్‌లవి పెట్టు. లోపలి గుంటంతా రాగి టేపు అతికించి ఎర్త్‌కి కలుపు. బ్రిడ్జి కిందనుంచి వచ్చే ఎర్త్ తీగ మర్చిపోకు. ఒక్క సంగతి ఆయనతో గట్టిగా చెప్పు: జనరేటరు స్టేజీల మీద ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, పాడే ముందు మైకుకి టెస్టరు పెట్టి చూసుకోమను. ఓ చెయ్యి తీగల మీద, పెదవి మైకుకి ఆనిందంటే ఆ షాక్ మామూలుగా ఉండదు.

సగం డబ్బు ముందే తీసుకో. సంక్రాంతికి ఇస్తానని మాత్రం మాటివ్వకు. నెక్ బిగించే ముందు ఓసారి పట్టుకురా, చూస్తాను.

మీ బాబాయి