పిల్లలకి పర్‌స్పెక్టివ్ నేర్పాలంటే చుక్కతో మొదలుపెట్టకండి

మీ పాపకి ఎనిమిదేళ్లు, బొమ్మలు బాగా వేస్తుంది కానీ ఇల్లు వేస్తే మూడు గోడలూ ఒకే వరసలో పరిచేస్తుంది, పర్‌స్పెక్టివ్, అంటే దగ్గరా దూరం కంటికి కనిపించినట్టే కాగితం మీద గీయడం, ఎలా నేర్పాలి అని అడిగారు. ఆ వయసులో అది తప్పేమీ కాదండీ. ఇంటికి పక్క గోడలుంటాయని తనకి తెలుసు కాబట్టి వేసింది. ఇప్పుడు తెలిసింది వేస్తోంది, కంటికి కనిపించింది వేయడం ఇంకా మొదలవలేదు, అంతే. తొమ్మిదీ పదేళ్లు వచ్చేసరికి చాలామందికి వాళ్లంతట వాళ్లకే ‘నా బొమ్మ నిజంలా లేదు’ అని చిరాకు పుడుతుంది, నేర్పడానికి అదే అదను.

నేను సెలవు రోజుల్లో పిల్లలకి డ్రాయింగ్ చెప్తాను. మొదటి బ్యాచ్‌లో నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, మొదటి రోజే బోర్డు మీద అడ్డగీత, దాని మీద వానిషింగ్ పాయింట్ (దూరంగా పోయే సమాంతర గీతలు కలిసినట్టు కనిపించే చోటు) అని ఒక చుక్క, ఆ చుక్కలోకి పోయే రోడ్డు, పక్కన స్తంభాలు. అందరూ బ్రహ్మాండంగా దింపేశారు. రెండు వారాలయ్యాక సగం తెరిచిన తలుపు వేయమంటే ఒక్కరికీ చేతకాలేదు, ఒకడైతే తలుపు మధ్యలో చుక్క పెట్టుకుని ఇప్పుడేం చేయాలన్నట్టు నా మొహం చూస్తున్నాడు. వాళ్లకి వచ్చింది రోడ్డు బొమ్మ ఒక్కటే.

ఇప్పుడు నా క్లాసులో మొదటి రోజు పేపరే ఉండదు. నిలబెట్టిన ప్లాస్టిక్ షీటు, లేదా గ్లాసు తలుపు, దాని అవతల ఒక బల్ల. పిల్లలు పుస్తకాల దొంతర మీద గడ్డం ఆనించి, ఒక కన్ను మూసుకుని, బల్ల అంచులు ఎక్కడ కనిపిస్తే అక్కడే వైట్‌బోర్డ్ మార్కర్‌తో గీయాలి. తల కదిలితే గీతలు తప్పిపోతాయి, గడ్డం ఆనించేది అందుకే. ఈ పద్ధతి నేను కనిపెట్టిందేం కాదు, జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1525లో అచ్చు వేసిన బొమ్మల్లోనే ఒకతను గాజు పలక మీద ఎదుటి మనిషిని గీస్తూ ఉంటాడు, కన్ను కదలకుండా పెట్టుకోడానికి ఒక ఆధారం కూడా ఉంటుంది.

గీయడం అయ్యాక ఒక అమ్మాయి షీటు వైపు చూసి, ‘సార్, బల్ల నలుచదరం కదా, ఇదేంటి అవతలి వైపు ఇలా కుంచించుకుపోయింది?’ అని అడిగింది. నేను స్కేలిచ్చి ఆ రెండు పక్క గీతల్నీ పైకి పొడిగించమన్నాను. రెండూ ఒకచోట కలిశాయి. చుక్క ఎక్కడుందో తనే కనిపెట్టింది, నేను పెట్టి చూపించలేదు, తేడా అంతా అక్కడే ఉంది.

ఇక చుక్క కంటే ముఖ్యమైనది కంటి మట్టం, అంటే చూసేవాళ్ల కళ్లున్న ఎత్తు, చాలామంది దీన్ని వదిలేస్తారు. హొరైజన్ లైన్ అనే మాట పిల్లలకి చెప్పక్కర్లేదు. ఒక గాజు గ్లాసుని కళ్లకి సరిగ్గా ఎదురుగా పట్టుకోమనండి, అంచు సన్నటి గీతలా కనిపిస్తుంది. మెల్లగా కిందికి దించమనండి, అంచు కోడిగుడ్డులా విచ్చుకుంటుంది, దించేకొద్దీ ఇంకా గుండ్రం అవుతుంది. బల్ల మీదున్న గ్లాసుని వేసేటప్పుడు పిల్లలు అడుగుని తిన్నగా గీస్తారు, బల్ల తిన్నగా ఉంది కదా అని. నిజానికి అడుగు పై అంచు కంటే కంటి మట్టానికి ఇంకా కింద ఉంది కాబట్టి అక్కడ వంపు ఇంకా ఎక్కువ రావాలి. ఇది ఒక్కటి అర్థమైతే డబ్బా, బకెట్, బండి చక్రం అన్నీ దారిలో పడతాయి.

స్తంభాల మధ్య దూరాలు చాలా తర్వాత చెప్పండి. రెండు స్తంభాలు వేశాక, మొదటి స్తంభం తల నుంచి రెండో స్తంభం నడుం మీదుగా గీత లాగితే అది నేలగీతని (స్తంభాల అడుగుల్ని కలిపే గీతని) ఎక్కడ తాకుతుందో అక్కడ మూడోది. పిల్లలకి ఇది మ్యాజిక్‌లా ఉంటుంది, పేపరు అయిపోయేదాకా ఆపరు.

ఒక్కో పక్క గీతలు ఒక్కో చుక్కలోకి పోయేలా, రెండు చుక్కలతో గది మూల, పెట్టె లాంటివి వేయించేటప్పుడు మాత్రం జాగ్రత్త. రెండు చుక్కల్నీ పేపరు లోపలే ఇరికిస్తే పెట్టె మూల కత్తి మొనలా పొడుచుకొచ్చి వికారంగా ఉంటుంది, పిల్లలేమో తప్పు తమదే అనుకుని చెరుపుతూ కూర్చుంటారు. పేపరుకి రెండు పక్కలా ఇంకో రెండు పేపర్లు టేపుతో అంటించి, చుక్కల్ని ఆ చివర్లకి పంపేయండి.