రిమోట్ లైబ్రరీ పెట్టగానే మోటార్ స్పీడ్ మారడం ఆగిపోతే: టైమర్ గొడవ

ఆర్డ్యునో ఊనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు)తో మోటార్ నడుపుతుంటే, రిమోట్ సిగ్నల్ చదివే లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) కలపగానే స్పీడ్ మారడం ఆగిపోయిందని అడిగారు కదా. మీ మోటార్‌కీ, దాన్ని నడిపే డ్రైవర్ బోర్డుకీ ఏమీ కాలేదండీ, తప్పంతా ఆర్డ్యునో 3వ పిన్‌ది. సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే సమాచారం కంప్యూటర్‌లో చూపే విండో) రిమోట్ కోడ్‌లు సరిగ్గా వస్తున్నాయి, స్పీడ్‌కి 255 (గరిష్ఠం) ఇస్తే మోటార్ ఫుల్‌గా తిరుగుతోంది, 120 ఇస్తే మాత్రం మాట వినడం లేదు అన్నారు కదా, అక్కడే దొరికిపోయింది.

ఆర్డ్యునో ఊనోలో 3, 11 పిన్‌ల పీడబ్ల్యూఎం (పిన్‌ని వేగంగా ఆన్-ఆఫ్ చేసి స్పీడ్ తగ్గించే పద్ధతి) చిప్ లోపలి టైమర్2 మీద నడుస్తుంది. ఐఆర్‌రిమోట్ లైబ్రరీ కూడా సిగ్నల్‌ని 50 మైక్రోసెకన్లకోసారి చూడటానికి అదే టైమర్‌ని తీసేసుకుంటుంది. 255 ఇచ్చినప్పుడు పీడబ్ల్యూఎం అవసరం లేదు, పిన్ నేరుగా ఆన్ అవుతుంది, అందుకే అది పనిచేస్తోంది. ఎర్రర్ కూడా రాదు కాబట్టి అందరూ వైరింగ్‌ని అనుమానిస్తారు. నేనూ రెండు డ్రైవర్ బోర్డులు మార్చాకే పిన్ సంగతి చూశాను.

1. డ్రైవర్ బోర్డుకి స్పీడ్ చెప్పే ఎనేబుల్ వైర్‌ని 3 నుంచి 5కి మార్చండి. రెండో మోటార్ ఉంటే దాని వైర్‌ని 6కి. ఈ పిన్‌లకి టైమర్2తో సంబంధం లేదు.

2. కోడ్‌లో కూడా పిన్ నంబర్ మార్చండి, వైర్ మార్చి ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

3. డ్రైవర్ ఎల్298ఎన్ అయితే ఎనేబుల్ పిన్ మీదున్న చిన్న జంపర్ (రెండు పిన్‌లను కలిపే క్లిప్) తీసేయాలి, అది ఉన్నంతసేపూ మోటార్ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతుంది.

9, 10 కూడా వాడొచ్చు, కానీ తర్వాత సర్వో (చెప్పిన కోణానికి తిరిగే మోటార్) లైబ్రరీ కలిపితే అది ఆ పిన్‌లు నడిచే టైమర్1 తీసుకుంటుంది, మళ్లీ ఇదే తలనొప్పి. బజర్‌కి టోన్ ఫంక్షన్ కూడా వద్దు, అదీ టైమర్2 మీదే.