కాలు బెణికాక చేనుకు ఎప్పుడు పోవాలి?

ప్రశ్న: మాది పరకాల పక్కన పల్లె. మూడు వారాల కింద చేను గట్టు దిగుతుంటే కాలు మడతపడి చీలమండ బెణికింది. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. ఇంట్లో బాగానే నడుస్తున్నాను. పత్తి పగిలి చేనంతా తెల్లగా ఉంది, కూలీలు దొరకడం లేదు. ఏరడానికి పోవచ్చా?

జవాబు: అమ్మా, గచ్చు మీద నడవడం వేరు, నల్లరేగడి పెడ్డల మీద నడవడం వేరు. హనుమకొండలో ఫిజియోథెరపీకి నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నొప్పి తగ్గగానే చేనుకు పోయి, అదే కాలు మళ్లీ బెణికించుకున్నవాళ్లే. లిగమెంటు, అంటే కీలు దగ్గర ఎముకలను కలిపి పట్టుకునే పట్టీ, సాగినప్పుడు పాదం ఎటు వంగిందో మెదడుకు చెప్పే నరాల కొసలూ దెబ్బతింటాయి. నొప్పి పోయినంత తొందరగా ఆ పట్టు తిరిగి రాదు.

రేపు పొద్దున నొప్పి గోలీ వేసుకోకుండా దర్వాజ పక్కన నిలబడి చూసుకోండి. ముందు మంచి కాలు మీద, తర్వాత బెణికిన కాలు మీద అర నిమిషం చొప్పున ఒంటికాలిపై నిలబడండి. దర్వాజ పట్టుకోవాల్సి వస్తే ఇంకా టైం పడుతుందన్నట్టే. ఆ ఒక్క కాలితోనే మడిమ లేపి మునివేళ్ల మీద లేవండి. మంచి కాలు ఎంత ఎత్తు లేస్తే ఇదీ అంత లేవాలి. మెట్లు ఎక్కడం కాదు, దిగడం చూడండి. కుంటకుండా దిగగలగాలి.

ఇవన్నీ కుదిరితే మొదటిరోజు గంట, రెండు గంటలే పోండి. చెప్పులు వద్దు, వెనక మడిమను పట్టుకునే బూట్లు వేసుకోండి. పత్తి ఏరి వేసుకునే ఒడి సగం నిండగానే దింపేయండి. నిండిన ఒడి అడ్డమొస్తే కాలి కింద పెడ్డ ఉందో గుంత ఉందో కనబడదు, ఆడవాళ్ల కాళ్లు ఎక్కువగా మడతపడేది అప్పుడే. సాయంత్రం కొద్దిగా వాస్తే భయపడకండి, కొన్ని వారాలు అలాగే ఉంటుంది. తెల్లారేసరికి తగ్గాలి. తగ్గకపోతే ఆ రోజు చేను మానేయండి.

కుదరకపోతే రోజూ పండ్లు తోముకుంటూ ఒంటికాలిపై నిలబడటం అలవాటు చేసుకోండి. పక్కన గోడ ఉండాలి. వారం తర్వాత మళ్లీ చూసుకోండి. గట్టిగా గుంజి మాలిష్ చేయించుకోవద్దు. చీలమండ ఎముక మీద వేలితో నొక్కితే ఇప్పటికీ సలుపుతున్నా, నడుస్తుంటే కాలు పక్కకు జారిపోతున్నట్టున్నా పత్తి సంగతి ఇంట్లోవాళ్లకు అప్పజెప్పి ఎముకల డాక్టరుకు ఇంకోసారి చూపించుకోండి.