పాఠకుల ప్రశ్నలు: రెండేళ్ల ప్రాజెక్టు, ఏడేళ్ల చెట్టు

ప్రశ్న: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు మా ఊళ్ల యువకులం కొందరం ఒక సంఘం పెట్టి రిజిస్టరు చేయించుకున్నాం. నగరంలోని ఒక పెద్ద స్వచ్ఛంద సంస్థ సుమారు రెండేళ్లు మా ద్వారా పనులు చేయించి, 2020 చివరిలో ఇక డబ్బు పంపడం కుదరదని చెప్పింది. జీతాలు లేక ముగ్గురు కార్యకర్తలు మానేశారు. ఇప్పుడు పైడిభీమవరంలోని ఒక పరిశ్రమ వారు కుట్టుపని శిక్షణ కేంద్రం నడిపితే రెండేళ్లు నిధులిస్తామంటున్నారు. మా ఊళ్లు అడుగుతున్నది తోటల పెంపకం, తాగునీటి పరీక్షలు. ఒప్పుకోమంటారా?
– ఒక సంఘం కార్యదర్శి, కవిటి మండలం

జవాబు: ముందు పాత దాత సంగతి. వారిని తప్పుపట్టే ముందు తేదీ చూడండి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020 సెప్టెంబరులో సవరించి, అలాంటి విరాళం అందుకున్న సంస్థ దానిని మరో సంస్థకు బదిలీ చేయకుండా నిషేధించారు. పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. మీకు చేరినది విదేశీ సొమ్మే అయితే, వారికి ఇష్టమున్నా పంపే దారి అప్పటితో మూసుకుపోయింది. విదేశీ విరాళాలు మీరే నేరుగా అందుకునేందుకు రిజిస్ట్రేషను పొందాలంటే సంఘానికి కనీసం 3 ఏళ్ల వయసు ఉండాలి, గడచిన 3 ఆర్థిక సంవత్సరాల్లో ఆశయాల కోసం 15 లక్షల రూపాయలైనా ఖర్చుపెట్టి ఉండాలి. ఊరి సంఘానికి అది అందని మ్రానిపండే.

పరిశ్రమ సొమ్ము దారి వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్సార్) కింద ఖర్చుచేయాలి, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలి. పైడిభీమవరంలో పొగగొట్టాలున్న కంపెనీకి జిల్లా రెండో కొసనున్న కవిటి ఎంతవరకు స్థానికమో వారే తేల్చుకోవాలి. మీరు చూసుకోవలసింది మీ కాగితాలను: ఇలాంటి నిధులతో పనిచేసే సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ వద్ద పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏ, 80జీ నమోదులు, మూడేళ్ల పని అనుభవం ఉండాలి, 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్సార్-1 అనే పత్రం కూడా దాఖలు చేసి ఉండాలి. ఇవి లేకపోతే ఒప్పుకోవాలా వద్దా అనే చర్చే అనవసరం.

అవన్నీ ఉన్నాయనుకుందాం. కుట్టుపని శిక్షణ చెడ్డదని ఎవరూ అనరు. అయితే దానిని మీ ఊళ్లు అడగలేదు, కంపెనీ ఎంచుకుంది. ఇలా ఒకసారి కుట్టుమిషన్లు, మరోసారి మరుగుదొడ్ల ప్రచారం, ఆ తర్వాత కంప్యూటర్లు అంటూ దాత మారినప్పుడల్లా పని మార్చుకున్న సంఘాలను ఉత్తరాంధ్రలో నేను చాలానే చూశాను. వాటి బోర్డుమీద పేరు మిగిలింది గానీ, ఊళ్లో ఎవరినైనా ఆ సంఘం ఏం చేస్తుందని అడిగితే సూటిగా జవాబు రాదు. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. రెండేళ్ల ప్రాజెక్టుతో ఆ చెట్టును ఎవరూ పెంచలేరు. మిగతా అయిదేళ్లు దానికి నీళ్లుపోసి, పురుగుపడితే చూసి, గాలివాన తర్వాత లెక్కరాసేది ఊళ్లోనే ఉండే సంఘం.

కాబట్టి ఈ నిర్ణయం కార్యదర్శిగా మీరొక్కరే తీసుకోవద్దు. సర్వసభ్య సమావేశం పిలిచి, కంపెనీ ప్రతిపాదనను చదివి వినిపించి, వచ్చిన తీర్మానాన్ని మినిట్సు పుస్తకంలో రాయించండి. ఒప్పుకుంటే రెండు షరతులు పెట్టండి: లెక్కలు రాసే మనిషి జీతం, ఆడిట్ ఖర్చు బడ్జెట్లో విడిగా చూపాలి, నీటి పరీక్షలకూ కొంత కేటాయించాలి. కాదంటే మర్యాదగా వద్దనండి. వద్దనగలగడానికి మాత్రం కొంత సొంత సొమ్ము చేతిలో ఉండాలి. మూడు వందల కుటుంబాలు నెలకు 20 రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి 72,000 రూపాయలవుతుంది. నగదు ఇవ్వలేనివారు కాయలు దించిన రోజున నాలుగు కొబ్బరికాయలు ఇచ్చినా రసీదు రాయండి. దానితో పెద్ద పనులు జరగవు. అయితే చందా కట్టినవాడు లెక్క అడుగుతాడు. ఆ అడిగేవాళ్లు లేకనే మీ సంఘం రెండేళ్లకు నీరసించిందని నా అనుమానం.

ప్రశ్న: మా గ్రంథాలయ సంఘానికి పద్నాలుగేళ్లుగా ఒకే పెద్దాయన అధ్యక్షులు. మంచివారే, కానీ లెక్కల పుస్తకం ఆయన ఇంట్లోనే ఉంటుంది. నొప్పించకుండా మార్పు తేవడమెలా?
– ఒక సభ్యురాలు, బొబ్బిలి

జవాబు: శ్రీకాకుళంలో 1997లో ఏర్పడిన కథల గ్రంథాలయం ‘కథానిలయం’, దాని వ్యవస్థాపకులు కాళీపట్నం రామారావుగారు 2021లో కన్నుమూశాక కూడా నడుస్తోంది. వ్యక్తి వెళ్లినా పని నిలవాలంటే పుస్తకాలు, తాళాలు, బ్యాంకు సంతకాలు ఆయన ఉండగానే నలుగురి చేతుల్లోకి రావాలి. మీ పెద్దాయనకు ఇదే మాట చెప్పండి, నొచ్చుకోరు. ముందుగా ఉమ్మడి సంతకాల తీర్మానం చేయించి, ఆ తర్వాత నియమావళిలో పదవీకాలం సంగతి ఎత్తండి; రెండూ ఒకేరోజు పెడితే అవిశ్వాస తీర్మానంలా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు పంపాలి. చాలా సంఘాలు ఈ ఒక్క పనిని ఏళ్ల తరబడి మరచిపోయి, బ్యాంకులో సంతకం మార్చే రోజున చిక్కుల్లో పడతాయి. వివాదం ముదిరితే మధ్యవర్తిత్వం, జిల్లా కోర్టు ఉన్నాయి గానీ, ఒక గ్రంథాలయం కోసం అంతదూరం వెళ్లడం నాకు నచ్చదు.

ప్రశ్న: మేము పొదుపు సంఘాల మహిళలం. బడి, మంచినీళ్ల విషయమై అర్జీలు పెట్టాలంటే వేరుగా సొసైటీ రిజిస్టరు చేయించుకోవాలా?
– గ్రామ సమాఖ్య సభ్యులు, చీపురుపల్లి మండలం

జవాబు: అక్కరలేదు. అర్జీ పెట్టడానికి రిజిస్ట్రేషనుతో పనిలేదు. ఆ అర్జీ ఏమైందో తెలుసుకోవాలంటే మాత్రం, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసేది పౌరులు గనుక, సమాఖ్య పేరుతో కాక మీలో ఒకరు సొంత పేరుతో అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు నకలును, అందినట్లు ఇచ్చిన రసీదును సమాఖ్య పుస్తకంలోనే అంటించి ఉంచితే, వచ్చే ఏడాది పదవిలోకి వచ్చే మహిళలు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టనవసరం ఉండదు.