సందులోకి కొత్త వాకిలి: పక్కింటివారు ఆపగలరా?

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మాది పాత ఇల్లు. ముందు వాకిలి తూర్పుకు ఉంది. వెనక గదిని బాడుగకు ఇవ్వాలని దక్షిణం గోడకు 3 అడుగుల కొత్త వాకిలి పెట్టించబోతున్నాం. ఆ గోడ పక్కన 4 అడుగుల సందు. మేస్త్రీ గోడమీద గీత గీయగానే పక్కింటాయన వచ్చి, సందు మాది, ఇటు ఎప్పుడూ వాకిలి లేదు, కోర్టుకు పోతానంటున్నారు. కార్పొరేషన్ అనుమతి కావాలా? ఆయన ఆపగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: గోడ మీ సొంతమే అయినా, ఆ వాకిలి దాటి పెట్టే మొదటి అడుగు ఎవరి నేలమీద పడుతుందన్నదే ఇక్కడ తేలాలి. ఉలి పట్టే ముందు మీ దస్తావేజు తీసి చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దుల వివరం, చదవండి. దక్షిణం హద్దు దగ్గర ‘మునిసిపల్ సందు’ అనో, ‘ఉమ్మడి సందు’ అనో, పక్కింటివారి పేరుతో ‘సందు’ అనో రాసి ఉంటుంది. లింకు డాక్యుమెంట్లలోనూ, అంటే ఆ ఇంటి పాత దస్తావేజుల్లోనూ, అదే మాట ఉందో లేదో చూడండి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పక్కింటివారి దస్తావేజు నకలు కూడా మీరు తీసుకోవచ్చు. ఇంటి అమ్మకాలు నమోదయ్యే ఒకటో పుస్తకంలోంచి ఎవరడిగినా సబ్ రిజిస్ట్రారు నకలు ఇవ్వాలని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 చెబుతోంది. వారి ఉత్తరం హద్దులో ‘ఉమ్మడి సందు’ అని ఉంటే, సందంతా తనదేనన్న ఆయన వాదన అక్కడే చాలావరకు వీగిపోతుంది.

సందు కార్పొరేషన్‌దైతే, దాన్ని ఆనుకుని ఉన్న ఇంటివారు తమ హద్దు పొడవునా ఎక్కడినుంచైనా అందులోకి రావచ్చు. ఉమ్మడిదైతే, మిగతావారి రాకపోకలకు అడ్డం రానంతవరకు మీరూ వాడుకోవచ్చు. ఈ రెండింటిలో ఏదైనా, ఇన్నాళ్ళూ వాకిలి లేదన్న మాట నిలవదు.

సందు నిజంగా ఆయన సొంతమైతే మాత్రం ఆపే హక్కు ఆయనకుంది. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం నడక హక్కు అనుభవం మీద రావాలంటే 20 ఏళ్ళు బాహాటంగా, అడ్డులేకుండా నడిచి ఉండాలి. కొత్త వాకిలికి ఆ అనుభవం ఎక్కడిది? తూర్పున మరో వాకిలి ఉంది కాబట్టి వేరే దారి లేదన్న వాదనా కుదరదు. అలాంటప్పుడు ఆయనతో మాట్లాడుకుని దారి హక్కును రిజిస్టరు చేయించుకోవడం ఒక్కటే మార్గం. నోటిమాటగా సరేనన్నారని వాకిలి పెట్టేయకండి. రేపు ఆయన ఇల్లు అమ్మితే, కొన్నవారు ఆ మాటకు కట్టుబడాల్సిన పనిలేదు.

ఇక కార్పొరేషన్ అనుమతి. ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ 2017 ప్రకారం తలుపులు, కిటికీలు పెట్టడానికీ తీసేయడానికీ ప్లాను అక్కర్లేదు. అయితే అవి ఇతరుల స్థలంలోకి తెరుచుకోకూడదు. అంటే ఇక్కడా ప్రశ్న మళ్ళీ సందు దగ్గరికే వస్తుంది. అదీగాక ఈ మినహాయింపు వాకిలికే. దానికి కట్టే మెట్లు, సన్‌షేడు మీ హద్దు దాటితే ఆక్రమణే.

మెట్ల దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. మీ ఇంటి నేల సందుకన్నా 2 అడుగులు ఎత్తుందనుకోండి. 6 అంగుళాల చొప్పున ఎక్కాలంటే మధ్యలో 3 మెట్లు కావాలి. మెట్టుకు 10 అంగుళాలు వేసినా 30 అంగుళాలు సందులోకి వస్తాయి, నడవడానికి మిగిలేది అడుగున్నరే. తలుపు రెక్క బయటికి తెరిస్తే అది ఒక్కటే 3 అడుగులు తింటుంది. కాబట్టి రెక్క లోపలికే తెరవాలి, గడపను కిందికి దించి మెట్లు గది లోపల కట్టించాలి. అలాగని గడపను సందు మట్టానికి పెట్టకండి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన సంగతి మీకు తెలిసిందే. కనీసం 6 అంగుళాలు ఎత్తు ఉంచండి. పునాది మీద కాంక్రీటు బెల్టు ఉంటే ఇంజనీరుకు చూపించకుండా కోయించవద్దు.

గోడ కోసేటప్పుడు లింటెల్ (వాకిలి పైన గోడ బరువు మోసే దూలం) ముందు. పైగోడకు పోట్లు (ఆసరా కర్రలు) పెట్టి, లింటెల్ రెండు వైపులా అర అడుగు చొప్పున గోడమీద కూర్చున్నాకే కింద ఖాళీ చేయాలి. ముందే కోస్తే పైన పగులు వస్తుంది. పక్కింటి గోడకు అంతకుముందే ఉన్న పగుళ్ళు కూడా ఈ పనివల్లే వచ్చాయంటారు. అందుకే పని మొదలుపెట్టే రోజు ఉదయమే ఆ గోడనూ, టేపు పరిచి సందు వెడల్పునూ తేదీ పడేలా ఫొటోలు తీయండి.

ఆయన కోర్టుకు వెళ్తే మీ మాట వినకుండానే తాత్కాలిక ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) రాకుండా కేవియట్ వేయండి. అంటే మీ మాట కూడా వినమని కోర్టును ముందే కోరే అర్జీ. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద వేసే ఈ కేవియట్ ప్రతిని ఆయనకు అక్నాలెడ్జ్‌మెంటుతో రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. అది పనిచేసేది 90 రోజులే. అందుకని వడ్రంగి ద్వారబంధం ఎప్పుడిస్తాడో ఖాయం చేసుకుని, పనికి ఓ వారం ముందు వేయండి. దావా పడితే, సందు కొలవడానికి అడ్వొకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున వచ్చి చూసే లాయరును) నియమించమని మీరే అడగండి.

అంతవరకు పోకుండా తేల్చుకోవాలంటే తిరుపతి కోర్టుల ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. దావాకు ముందే లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు (రాజీ తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అందులో సందు వెడల్పు, తలుపు ఎటు తెరవాలి, మెట్లు ఎక్కడ అన్నవి అంగుళాలతో సహా రాయించండి.